వెలిగొండ నీళ్లకూ పార్లమెంటుకూ ఉన్న సంబంధం

మార్కాపురం వైపు నుంచి డిగ్రీ చదువుతున్న ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. "దేశంలో పార్లమెంటుదే అందరికంటే పెద్ద అధికారం అని పుస్తకంలో చదివాను. మరి నేను పుట్టకముందు నుంచి వింటున్న వెలిగొండ ప్రాజెక్టు నీళ్లు మా ఊరికి ఇంకా ఎందుకు రాలేదు? ఎంపీని అడిగితే రాష్ట్రాన్ని అడగమంటారు, ఎమ్మెల్యేని అడిగితే కేంద్రం అంటారు. అసలు పార్లమెంటు ఏం చేయగలదు, ఏం చేయాలి?"

నేను ఒంగోలులో రాజనీతి శాస్త్రం పాఠాలు చెప్పి రిటైరయ్యాను. మధ్యలో కొన్నేళ్లు మన ప్రాంతపు ఎంపీ ఒకరికి ప్రశ్నలు, నోటీసులు రాసిపెట్టే పని చేశాను. పుస్తకంలో ఉన్నదీ, ఢిల్లీలో కళ్లారా చూసిందీ కలిపి చెబుతాను.

ముందు సూటిగా జవాబు. పార్లమెంటు కాలువ తవ్వదు, టెండరు పిలవదు, కాంట్రాక్టరుకు బిల్లు కట్టదు. అవన్నీ ప్రభుత్వం పనులు. పార్లమెంటు చట్టం చేస్తుంది, ఖజానా తాళం తీస్తుంది, ప్రభుత్వాన్ని నిలబెట్టి లెక్క అడుగుతుంది. ఈ మూడింటిలో చివరిదే అసలు పని అని నా గట్టి నమ్మకం. మనం ఓటర్లుగా దాన్నే పూర్తిగా మర్చిపోయాం. మీరు వెలిగొండ పేరెత్తారు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

2014 నాటి ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టం తెరిచి చివర్లో ఉన్న షెడ్యూళ్లకు వెళ్లండి. పదకొండో షెడ్యూలులో పదో పేరా చూడండి. నిర్మాణంలో ఉన్న ఫలానా ప్రాజెక్టులను ఉమ్మడి రాష్ట్రం నోటిఫై చేసిన ప్రణాళిక ప్రకారమే పూర్తి చేయాలి, నీటి పంపకం ఏర్పాటు కూడా అలాగే సాగాలి అని ఉంటుంది. కింద ఆరు పేర్లు: హంద్రీ-నీవా, తెలుగుగంగ, గాలేరు-నగరి, వెనెగొండు, కల్వకుర్తి, నెట్టెంపాడు. నాలుగో పేరు మళ్లీ చదవండి. చట్టం ఇంగ్లీషు ప్రతిలో అచ్చయింది అదే, 'వెనెగొండు'. ఆ పేరుతో మన రాష్ట్రంలో ప్రాజెక్టేదీ లేదు. అది మన వెలిగొండే. నేను ప్రింటు తీసుకున్న ఆ కాగితం ఇప్పటికీ నా ఫైల్లో ఉంది, ఆ ముక్క కింద ఎర్ర పెన్నుతో గీసిన గీతతో సహా.

అక్షరం తప్పుపోతే ఏమైంది అనుకోవచ్చు. వెలిగొండకు రావాల్సినవి శ్రీశైలం జలాశయం నుంచి కృష్ణా వరద నీళ్లు, 43.5 టీఎంసీలు. ప్రకాశం, నెల్లూరు, కడప జిల్లాల్లో దాదాపు 4.47 లక్షల ఎకరాలు దాని మీద ఆధారపడి ఉన్నాయి. మిగులు జలాల మీద కట్టే ప్రాజెక్టుకు పై రాష్ట్రాల నుంచి ఎప్పుడూ అభ్యంతరాలు ఉంటాయి. వాటి ముందు నిలబడటానికి మనకున్న గట్టి ఆధారం పార్లమెంటు చేసిన ఆ ఒక్క పేరానే. అందులో పేరే సరిగా లేకపోతే వాదించేవాడికి సందు దొరికినట్టే. 2021 జులైలో కృష్ణా, గోదావరి నదుల యాజమాన్య బోర్డుల పరిధి నిర్ణయిస్తూ కేంద్రం గెజిట్ ఇచ్చినప్పుడు పశ్చిమ ప్రకాశంలో అంత ఆందోళన పుట్టడానికి కారణం ఇదే.

ఇలాంటి తప్పును సరిదిద్దే అధికారం ఎవరిది? అదే చట్టంలో 108వ సెక్షన్ ఉంది. అమలులో ఇబ్బంది వస్తే రాష్ట్రపతి ఉత్తర్వుతో సరిచేయవచ్చు, ఆ ఉత్తర్వును ఉభయ సభల ముందు పెట్టాలి. కానీ దానికి గడువు మూడేళ్లే. రాష్ట్ర విభజన అమల్లోకి వచ్చింది 2014 జూన్ 2న, కాబట్టి 2017 జూన్‌తో ఆ తలుపు మూసుకుపోయింది. ఆ తర్వాత చట్టంలో అక్షరం మార్చాలన్నా సవరణ బిల్లు పెట్టి, లోక్‌సభ, రాజ్యసభ రెండూ ఆమోదించి, రాష్ట్రపతి సంతకం చేయాల్సిందే. కలెక్టరు, ముఖ్యమంత్రి, చివరకు ప్రధానమంత్రి కూడా ఒక్క సంతకంతో దాన్ని మార్చలేరు. పార్లమెంటు అధికారం ఎంతటిదో, అక్కడ జరిగే అజాగ్రత్త ఎంత ఖరీదైనదో ఈ ఒక్క పదం చెబుతుంది.

ఆ బిల్లు లోక్‌సభలో 2014 ఫిబ్రవరి 18న, రాజ్యసభలో 20న పాసైంది. సభ గొడవలో ఉంది, లోక్‌సభలో ప్రత్యక్ష ప్రసారం కూడా ఆగిపోయింది. విభజన మంచిదా చెడ్డదా అనే చర్చ ఇక్కడ నాకు వద్దు. నా బాధ వేరు. ఒక స్థాయీ సంఘంలో, అంటే బిల్లుల్నీ పద్దుల్నీ పరిశీలించే ఎంపీల కమిటీలో, పదిమంది కూర్చుని షెడ్యూళ్లు వరసగా చదివి ఉంటే, వాళ్లలో ఒక్కరికి మార్కాపురం తెలిసి ఉంటే, ఆ తప్పు అక్కడే దొరికేది. బిల్లును క్లాజు క్లాజుగా చదవడం పార్లమెంటు బాధ్యతల్లో అన్నిటికంటే చప్పనిది. టీవీలో కనపడదు, చప్పట్లు రావు. నా లెక్కలో మాత్రం దాన్ని మించిన పని లేదు.

విభజన మాట వచ్చింది కాబట్టి రాజ్యాంగం మూడో అధికరణ సంగతి కూడా. కొత్త రాష్ట్రం ఏర్పాటు చేయడం, సరిహద్దు మార్చడం, పేరు మార్చడం, ఇవన్నీ పార్లమెంటు మామూలు మెజారిటీతో చేయగలదు. రాష్ట్రపతి సిఫారసుతోనే బిల్లు పెట్టాలి, సంబంధిత రాష్ట్ర శాసనసభ అభిప్రాయం అడగాలి. అడగాలి అంతే, ఆ అభిప్రాయానికి కట్టుబడాలని లేదు. 2014 జనవరిలో మన అసెంబ్లీ మూజువాణి ఓటుతో బిల్లును తిరస్కరించింది, ఫిబ్రవరిలో పార్లమెంటు ఆమోదించింది. మన జిల్లాలకు ఈ అధికారం రెండు వైపులా తెలుసు. నెల్లూరు జిల్లా ఎవరి పేరు మీద ఉందో ఆ పొట్టి శ్రీరాములు గారు 1952 అక్టోబరు 19న మద్రాసులో దీక్షకు కూర్చుని, డిసెంబరు 15న ప్రాణం విడిచారు. నాలుగు రోజులకు నెహ్రూ లోక్‌సభలో ఆంధ్ర రాష్ట్రం ప్రకటించారు. కానీ ప్రకటనతో రాష్ట్రం రాలేదు. 1953లో పార్లమెంటు చట్టం చేశాకే ఆ అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం పుట్టింది. మొదటి ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం పంతులు గారు, ప్రకాశం జిల్లా పేరు ఆయనదే. ప్రాణం పెట్టింది మనిషి, రాష్ట్రాన్ని కాగితం మీదికి తెచ్చింది మాత్రం పార్లమెంటు. రెండూ గుర్తుండాలి.

ఇక మీ రెండో ఫిర్యాదు, ఎంపీ రాష్ట్రం మీదకీ ఎమ్మెల్యే కేంద్రం మీదకీ నెట్టడం. కొన్నిసార్లు అది తప్పించుకోవడమే. కొన్నిసార్లు నిజం. రాజ్యాంగం ఏడో షెడ్యూలులో మూడు జాబితాలు ఉన్నాయి, కేంద్రం, రాష్ట్రం, ఉమ్మడి. పేర్లు బట్టీ పడితే ఏమీ అర్థం కాదు, మన చుట్టూ ఉన్నవాటిని పెట్టి చూడాలి. సోమశిల కాలువ, నీటిపారుదల రాష్ట్ర జాబితా. కానీ రెండు రాష్ట్రాల మధ్య పారే నది నియంత్రణ కేంద్ర జాబితాలో ఉంది. పైగా 262వ అధికరణ ప్రకారం నదీజలాల తగాదాల్లో సుప్రీంకోర్టు కూడా జోక్యం చేసుకోకుండా పార్లమెంటు చట్టం చేయవచ్చు. 1956లో అలా చేసిన చట్టం కిందే ట్రిబ్యునళ్లు వచ్చాయి. అంటే వెలిగొండ సొరంగం తవ్వడం, ముంపు గ్రామాలకు పరిహారం ఇవ్వడం రాష్ట్రం పని. ఆ సొరంగంలోకి వచ్చే కృష్ణా నీటి హక్కు కేంద్రంతో ముడిపడినది. మీ ఎంపీ, మీ ఎమ్మెల్యే ఇద్దరూ సగం నిజమే చెప్పారు.

కొత్తపట్నం, జువ్వలదిన్నె వాళ్లకు సముద్రం సంగతి తెలుసు. తీరం నుంచి 12 నాటికల్ మైళ్లు, అంటే దాదాపు 22 కిలోమీటర్ల దాకా చేపలవేట రాష్ట్రం కింద ఉంటుంది, అది దాటితే కేంద్రం. రేవులూ అంతే. పార్లమెంటు చట్టం కింద 'మేజర్ పోర్టు' అని ప్రకటించినవి కేంద్ర జాబితాలో, మిగిలినవి ఉమ్మడి జాబితాలో. కృష్ణపట్నం ఎంత పెద్దదైనా మేజర్ పోర్టు కాదు. ఇక్కడ ఇంకో చేదు నిజం చెప్పాలి. అదే పునర్వ్యవస్థీకరణ చట్టం పదమూడో షెడ్యూలులో, అప్పటి నెల్లూరు జిల్లా దుగరాజపట్నంలో కేంద్రం కొత్త మేజర్ పోర్టు కడుతుందని, మొదటి దశ 2018 చివరికి పూర్తవుతుందని రాశారు. తేదీతో సహా చట్టంలో ఉంది. ఆ గడువు దాటిపోయింది, పోర్టు మాత్రం రాలేదు. చట్టం చేయగానే పని అయిపోదు. చట్టం చేసిన సభే ఏడాదికోసారైనా "ఏమైంది?" అని అడగాలి. అడగకపోతే ఆ వాక్యం కాగితం మీదే ఉండిపోతుంది.

డబ్బు దగ్గరికి వస్తే పార్లమెంటు పట్టు గట్టిది. చట్టం లేకుండా పైసా పన్ను వేయకూడదని 265వ అధికరణ చెబుతుంది. కేంద్ర సంచిత నిధి నుంచి రూపాయి తీయాలన్నా పార్లమెంటు పాస్ చేసిన ద్రవ్య వినియోగ చట్టం ఉండాలి. ఈ విషయంలో లోక్‌సభదే పైచేయి. ద్రవ్య బిల్లును రాజ్యసభ 14 రోజుల్లో తిప్పి పంపాలి, దాని సూచనలు వింటే వినవచ్చు, లేకపోతే లేదు. బడ్జెట్ పెట్టాక కొన్ని వారాల విరామంలో 24 స్థాయీ సంఘాలు ఒక్కో శాఖ పద్దులూ పరిశీలిస్తాయి. ఒక్కో సంఘంలో 31 మంది, 21 మంది లోక్‌సభ నుంచి, 10 మంది రాజ్యసభ నుంచి. అక్కడ కార్యదర్శి స్థాయి అధికారిని కూర్చోబెట్టి ప్రశ్నిస్తారు. సభలో మాత్రం ఐదారు శాఖల పద్దుల మీదే చర్చ జరుగుతుంది, మిగతావన్నీ గడువు రోజు సాయంత్రం ఒక్కసారిగా ఓటుకు పెట్టేస్తారు. దాన్ని గిలటిన్ అంటారు. లక్షల కోట్లు ఒక్క పూటలో అలా దాటిపోవడం నాకు ఎప్పుడూ మింగుడు పడలేదు.

ఈ డబ్బు విషయంలో మన దగ్గర బాగా మోసపోయే మాట ఒకటుంది, 'మంజూరైంది'. నడికుడి-శ్రీకాళహస్తి రైల్వే లైను చూడండి. దాదాపు 309 కిలోమీటర్లు. దర్శి, పొదిలి, కనిగిరి, పామూరు మీదుగా నెల్లూరు జిల్లా మెట్ట ప్రాంతాల్లోకి దిగే లైను. 2011-12లో మంజూరైంది. ఆ రోజు మిఠాయిలు పంచుకున్నవాళ్లను నేను చూశాను. కానీ మంజూరు అంటే ఈ పని చేయవచ్చు అని ఒప్పుకోవడం. కేటాయింపు అంటే ఈ ఏడాది ఇంత ఇస్తున్నాం అని. ఖర్చు అంటే ఇచ్చినదాంట్లో నిజంగా వాడినది. ఈ మూడు అంకెలూ వేరు. పైగా ఖర్చులో రాష్ట్రం వాటా కూడా ఉంది, అది ఆగితే ఇదీ ఆగుతుంది. ఎంపీని "లైను ఎప్పుడొస్తుంది?" అని అడిగితే "వస్తుంది" అంటారు. "పోయినేడు కేటాయించింది ఎంత, అందులో ఖర్చయింది ఎంత?" అని అడగండి. అప్పుడు ఆయన కూడా కాగితం తీసి చూడాల్సిందే.

ఖర్చయ్యాక లెక్క చూసేది ప్రజా పద్దుల సంఘం. 22 మంది సభ్యులు, 1967 నుంచి ప్రతిపక్ష సభ్యుడే అధ్యక్షుడిగా ఉండటం ఆనవాయితీ. ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ (కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్) నివేదికలు దాని ముందుకే వెళ్తాయి.

ఎంపీ ల్యాడ్స్, అంటే నియోజకవర్గంలో పనులకు ఎంపీ పేరున వచ్చే నిధుల గురించి కూడా ఒక మాట, ఎందుకంటే ఎంపీ అంటే ఆ నిధులే అనుకునేవాళ్లు ఎక్కువ. ఏడాదికి ఐదు కోట్లు. ఎంపీ పని సిఫారసు చేయడం వరకే, మంజూరు చేసేది జిల్లా యంత్రాంగం. ఆ ఐదు కోట్లతో బస్ షెల్టరో, కమ్యూనిటీ హాలో వస్తుంది. దాన్ని బట్టే ఎంపీని తూకం వేయడం అన్యాయం. ఎంపీని పంపింది అందుకు కాదు.

ఎందుకు పంపామో పొగాకు విషయంలో నాకు అర్థమైంది. పొగాకు బోర్డు 1975 నాటి పార్లమెంటు చట్టంతో వచ్చింది. ఒక ఏడాది ధరలు పడిపోయి కొండపి, టంగుటూరు వేలం కేంద్రాల్లో రైతులు గొడవ పడుతుంటే, మా ఎంపీ గారి తరఫున నేను ప్రశ్న రాశాను. "పొగాకు రైతులు గిట్టుబాటు ధర లేక ఇబ్బంది పడుతున్న విషయం ప్రభుత్వ దృష్టికి వచ్చిందా? వస్తే తీసుకున్న చర్యలేమిటి?" అని. దాన్ని వ్యవసాయ శాఖకు పంపాను. పొగాకు వాళ్ల కింద లేదు, బోర్డు వాణిజ్య శాఖ కింద ఉంది. ప్రశ్న అక్కడికి బదిలీ అయి, చివరకు రెండు ముక్కల జవాబు వచ్చింది. పరిస్థితిని గమనిస్తున్నాం, బోర్డు తగిన చర్యలు తీసుకుంటోంది అని. రెండు వారాల టెన్షన్‌కు ఫలితం అదీ.

తర్వాత కొండపి దగ్గరి పెద్దాయన ఒకరు ఆఫీసుకు వచ్చారు. చేతిసంచిలోంచి వేలం చీటీల కట్ట తీసి బల్ల మీద పెట్టారు. "సారూ, మేం ఇబ్బంది పడుతున్నామా అని అడిగితే వాళ్లేం చెబుతారు? ఎన్ని బేళ్లు వచ్చినయ్యో, ఎన్ని నోబిడ్ అయినయ్యో, అదే కొనేవాళ్లు లేక వెనక్కొచ్చినయ్యో, అడగండి. అది దాచలేరు" అన్నారు. నేను పిల్లలకు ముప్పై ఏళ్లు చెప్పిన పాఠం ఆయన ఒక్క నిమిషంలో నాకు చెప్పారు. తర్వాతి సమావేశాల్లో ప్రశ్న మార్చి రాశాం. గత మూడు సీజన్లలో, వేలం కేంద్రాల వారీగా, వచ్చిన బేళ్లెన్ని, కొనకుండా తిప్పి పంపినవి ఎన్ని, సగటు ధర ఎంత, అత్యల్ప ధర ఎంత. ఈసారి జవాబుతో పాటు పట్టిక వచ్చింది. ఆ పట్టిక జెరాక్సు పట్టుకుని రైతు నాయకులు బోర్డు అధికారులతో మీటింగులో కూర్చున్నారు. అధికారి తన నోటి లెక్క చెప్పబోతుంటే, "మీ మంత్రిగారు సభలో చెప్పింది ఇదిగో" అని కాగితం ముందుకు జరిపారు. నా ఉద్యోగ జీవితంలో నేను గర్వపడే రోజుల్లో అది ఒకటి.

లోక్‌సభలో రోజుకు 20 నక్షత్ర ప్రశ్నలు, అంటే మంత్రి లేచి నోటితో చెప్పాల్సినవి, 230 దాకా రాతపూర్వక జవాబు వచ్చేవి ఉంటాయి. కనీసం 15 పూర్తి రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. మంత్రి జవాబులో "పరిశీలిస్తాం", "సమాచారం సేకరిస్తున్నాం" అంటే దాన్ని హామీగా లెక్కేస్తారు. మూడు నెలల్లో నెరవేర్చాలి. నెరవేర్చకపోతే వెంటపడటానికి హామీల సంఘం ఉంది. సభలో చెప్పిన మాట ఊరికే పోదు.

ప్రభుత్వం లోక్‌సభకు జవాబుదారీ అని 75వ అధికరణ చెప్పేది ఈ రోజువారీ లెక్క కూడా, పడగొట్టడం ఒక్కటే కాదు. పడగొట్టడం కూడా ఉంది, నిజమే. 1999 ఏప్రిల్ 17న వాజ్‌పేయి ప్రభుత్వం 269కి 270, ఒక్క ఓటు తేడాతో పడిపోయినప్పుడు స్పీకరు కుర్చీలో ఉన్నది మన తెలుగువారు బాలయోగి గారు. అయితే 1985లో పార్టీ ఫిరాయింపుల నిరోధక చట్టం వచ్చాక విప్‌కు, అంటే ఇలా ఓటేయాలని పార్టీ ఇచ్చే ఆదేశానికి, ఎదురు ఓటేస్తే సభ్యత్వం పోతుంది. మంత్రిపదవుల కోసం పార్టీలు మారే జాడ్యాన్ని ఆపడానికి తెచ్చారు, అవసరమే. కానీ ప్రభుత్వ మనుగడతో సంబంధం లేని మామూలు బిల్లుకు కూడా అదే భయం పెట్టడం తప్పని నా అభిప్రాయం. తన జిల్లా రైతుకు నష్టమని తెలిసిన బిల్లుకు ఎంపీ తలూపాల్సి వస్తే, ఇంక ప్రశ్నలు, సంఘాలు మాత్రమే అతనికి మిగిలిన స్వేచ్ఛ. అందుకే వాటిని వదులుకోకూడదని ఇంతగా చెబుతున్నాను.

మీరు పుస్తకంలో చదివిన 'అందరికంటే పెద్ద అధికారం' అన్న మాట కూడా దిద్దుకోవాలి. మన దగ్గర పెద్దది రాజ్యాంగం. 368వ అధికరణ కింద పార్లమెంటు దాన్ని సవరించవచ్చు, కొన్ని విషయాలకు సగం రాష్ట్రాల సమ్మతి కూడా కావాలి. కానీ 1973లో కేశవానంద భారతి కేసులో సుప్రీంకోర్టు గీత గీసింది, మౌలిక స్వరూపాన్ని చెడగొట్టకూడదని. సభలో మాట్లాడిన మాటకు కోర్టులో కేసు ఉండదనే రక్షణ 105వ అధికరణ ఇస్తుంది. ఆ రక్షణ లంచం తీసుకుని ఓటేసినవాడికి వర్తించదని 2024 మార్చిలో ఏడుగురు జడ్జీల ధర్మాసనం తేల్చింది. మంచి తీర్పు.

ఇప్పుడు మీరు చేయగలిగేది చెబుతాను. ఎంపీ దగ్గరికి దండ పట్టుకుని వెళ్లొద్దు, ప్రశ్న రాసుకుని వెళ్లండి. నేనైతే కేంద్ర జలశక్తి మంత్రికి ఇలా రాస్తాను, కావాలంటే ఉన్నదున్నట్టు వాడుకోండి:

"(అ) ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టం, 2014 పదకొండో షెడ్యూలు పదో పేరాలో నాలుగో పేరుగా ఉన్న ప్రాజెక్టు ఆంధ్రప్రదేశ్‌లోని వెలిగొండ ప్రాజెక్టేనా, (ఆ) అయితే ఆ పేరు సవరణకు ఇప్పటివరకు తీసుకున్న చర్యలు, తేదీలతో సహా, (ఇ) ఈ ప్రాజెక్టుకు సంబంధించి రాష్ట్రం నుంచి అందిన పత్రాలు, ఇచ్చిన అనుమతులు, పెండింగులో ఉన్న అనుమతులు, ఒక్కోదానికి కారణం, (ఈ) గత ఐదేళ్లలో ఈ ప్రాజెక్టుకు ఏదైనా పథకం కింద ఇచ్చిన కేంద్ర సాయం, ఏడాది వారీగా."

"దృష్టికి వచ్చిందా" అనే మాట ఎక్కడా రానివ్వకండి. సమావేశాల తేదీలు ప్రకటించిన వెంటనే ఎంపీ ఆఫీసులో ఇచ్చి, తీసుకున్నట్టు నకలు మీద సంతకం పెట్టించుకోండి. ఒంగోలు ఎంపీ ఒక్కరే కాదు, నెల్లూరు ఎంపీకీ ఇవ్వండి, ఉదయగిరి వైపు ఆయకట్టు ఆయన పరిధిలోకే వస్తుంది. జవాబు వచ్చిన రోజే లోక్‌సభ వెబ్‌సైట్‌లో పెడతారు. దాన్ని ప్రింటు తీసి మీ ఊరి రచ్చబండ దగ్గర అతికించండి. నాకూ ఒక కాపీ పంపండి, ఆ ఫైల్లోనే పెట్టుకుంటాను.